జెల్మా ఉయ్యాల వేలం

కార్డర్స్ గ్యాప్ అనే మా కొండ ఊరికి మేయర్ని నేనే. జీతం లేదు, తిట్లకు మాత్రం లోటు లేదు. పగలంతా నా కొట్లో మేకులూ రంగు డబ్బాలూ అమ్ముకుంటాను. నెలకోసారి మండలి సమావేశంలో ఓర్లన్ స్టిడమ్‌తో వాదించి ఇంటికి పోతాను.

మా మండలిలో అందరికంటే పెద్దవాడు ఓర్లన్. ఏ నియమం తెచ్చినా వద్దనడమే ఆయన పని. అలాంటి మనిషి అక్టోబరు సమావేశంలో లేచి, తనే ఒక కొత్త నియమం పెట్టమన్నాడు. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

కారణం ఆయన ఎదురింటి జెల్మా ప్రూయిట్. ఆవిడ ఆ వేసవిలోనే పోయింది. ఆవిడ వరండాలో గొలుసులకు వేలాడే చెక్క ఉయ్యాల ఒకటుంది. ఏళ్ళ తరబడి సాయంత్రం భోజనం కాగానే ఓర్లన్ రోడ్డు దాటి వెళ్ళి, దాని మీద ఆవిడ పక్కన కూర్చునేవాడు. చిక్కుడు తీగల గురించీ, పాస్టరు ప్రసంగం సాగదీయడం గురించీ ఇద్దరూ పోట్లాడుకునేవారు. ఇప్పుడు ఆయనకు ఆ ఉయ్యాల కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

మా ఊళ్ళో దానికో పద్ధతి ఉంది. పోయినవాళ్ళ ఇంటి సామాన్లు అమ్మే రోజు మొదటి గంట పొరుగువాళ్ళది. బయటివాళ్ళు ఎంత దూరం నుంచి వచ్చినా గేటు అవతల కాఫీ తాగుతూ నిలబడాల్సిందే. ఊరి నియమాల్లో కూడా ఆ మాట ఉంది. కానీ జెల్మా మేనల్లుడు ట్రెంట్ రాజధానిలో పెరిగినవాడు. మంచివాడే, మా పద్ధతులు తెలియవు. ఫోన్లో ఫొటోలు తీసి సామానంతా ఆన్‌లైన్ వేలానికి పెట్టేశాడు.

ఆ వేలం కంపెనీ కూడా పొరుగు గంట పాటించాలన్నాడు ఓర్లన్. ఊరి లాయరు గెయిన్స్ కళ్ళజోడు సర్దుకుని రాష్ట్ర చట్టం చదివాడు. ఆన్‌లైన్ అంగళ్ళ మీద ఏ ఊరూ సొంత నియమం పెట్టకూడదు, ఆ అధికారం రాష్ట్రానిదే. ఈ చట్టం వచ్చేటప్పుడు చట్టసభ దాకా వెళ్ళి, ఊళ్ళ పెత్తనానికి ముకుతాడు వేయాల్సిందేనని మాట్లాడి వచ్చింది ఎవరో కాదు, ఓర్లనే. ఇంకోరోజైతే నెల రోజులు ఏడిపించేదాన్ని. ఆయన ముఖం చూశాక నోరు రాలేదు.

ట్రెంట్‌కి ఒక మాట చెబుతానన్నాను.

"వద్దమ్మాయ్. పద్ధతిగా వస్తే తీసుకుంటాను. జెల్మా వస్తువు కోసం ఒకరి దగ్గర దేబిరించను," అన్నాడు.

లైబ్రరీ కంప్యూటరు ముందు కూర్చుని తనే వేలం పాట పాడడం మొదలుపెట్టాడు. చట్టం మేయరు చేతులు కట్టేసింది గానీ నా చేతులు కాదు గదా. ఆయన ఓడిపోతే ఇద్దామని చాటుగా నేనూ పాడాను. వేలంలో పేర్లు కనబడవు. ఎవరో బయటి పిశాచం పంతం పట్టి పాట పెంచుతోందని ఆయన రోజూ కొట్టుకి వచ్చి తిట్టేవాడు. నేనూ వంత పాడేదాన్ని, మనసారా. ఆఖరికి నా వల్ల కాదని ఆయన మానుకున్నాడు. నేను మొండిగా పాడి గెలిచాను.

శనివారం ఉయ్యాల తెచ్చుకుందామని ట్రక్కు వేసుకుని వెళితే జెల్మా వాకిట్లో మంగలి డూయీ ఉన్నాడు. పాస్టరుగారి భార్య ఉంది. లాయరు గెయిన్స్ కూడా ఉన్నాడు. అందరూ ఊరికే ఇటుగా వచ్చామంటారు, అందరి ముఖాలూ మాడిపోయి ఉన్నాయి. సామాన్లు అప్పగించడానికి వచ్చిన ట్రెంట్, ఉయ్యాల గెలిచిందెవరని అడిగితే చెయ్యెత్తాను.

"నువ్వా? నేను ఓర్లన్ కోసం పాడుతుంటే పెంచుకుంటూ పోయింది నువ్వా?" అన్నాడు డూయీ.

ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. ఆ పిశాచం మేమే. ముసలాయన మీద ప్రేమ కొద్దీ, అందరం కలిసి ఆయన్నే వేలంలోంచి తరిమేశాం. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ గోలంతా రోడ్డవతల నుంచి విన్నాడు ఓర్లన్. వచ్చి నేరుగా ఉయ్యాల మీద కూర్చున్నాడు. తిడతాడేమోనని నిలబడ్డాం.

"పెళ్ళి చేసుకుందామని అడగడానికే రోజూ వచ్చేవాణ్ణి," అన్నాడు నాతో. "రోజూ చిక్కుళ్ళ మాట మాట్లాడి లేచి వెళ్ళేవాణ్ణి. జెల్మాకి తెలుసంటావా?"

"తెలుసు మిస్టర్ ఓర్లన్. ఊరందరికీ తెలుసు. తెలియకపోతే మేమంతా ఎందుకు పాడతాం?"

ఆయన ఉయ్యాల మీద కాస్త పక్కకు జరిగాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.