దొరగారి జాలీ బీరువా

నేను ఒక జాలీ బీరువాను. పాతదాన్ని అనండి, ఒప్పుకుంటాను. తుప్పుపట్టినదాన్ని అనండి, అదీ కొంతవరకు ఒప్పుకుంటాను. పనికిరానిదాన్ని అంటే మాత్రం ఊరుకోను. ఫ్రిజ్జులు రాకముందు మీ ఇళ్ళలో పాలూ పెరుగూ నెయ్యీ ఒక పూట మర్యాదగా నిలిచాయంటే అది మా జాతి చలవే. కరెంటు పోతే మీ ఫ్రిజ్జులు ఏడుపుమొహం పెడతాయి. నేను ఏనాడూ పెట్టలేదు.

నన్ను రాజమండ్రిలో వీరాచారి అనే వడ్రంగి చేశాడు. కలప అడితిలో ఏరి కొన్న టేకు, మూడు వైపులా ఇనుప జాలీ, వెనక చెక్క, లోపల నాలుగు అరలు. మనిషి ఛాతీ ఎత్తున నన్ను నిలబెట్టి, చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "గాలాడాలి, బల్లి దూరకూడదు. నీ పని అంతే," అన్నాడు. చెక్కతో మాట్లాడే అలవాటు ఉంది ఆయనకి. నాకు అందిన ఉపదేశం అదొక్కటే, దాన్ని చాలా ఏళ్ళు నిష్ఠగా పాటించాను.

మొదట నేను చేరింది సూరమ్మ గారి మెస్సులో. కాలేజీ పిల్లలకు రెండు పూటలా భోజనం పెట్టేది ఆవిడ. నా తాళంచెవి ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే ఉండేది. అయినా నాలోంచి అప్పుడప్పుడు వెన్నముద్ద మాయమయ్యేది. అలా జరిగినప్పుడల్లా ఆవిడా, ఆవిడ మొగుడూ కలిసి పిల్లిని తిట్టేవారు. మొగుడు ఇంకా గట్టిగా తిట్టేవాడు. తాళం తీసే పిల్లిని నేనైతే చూడలేదు. తర్వాత మెస్సులోకి ఫ్రిజ్జు వచ్చింది. నాలో చెప్పులు పెట్టడం మొదలుపెట్టారు. నెయ్యి మోసిన అరల మీద చెప్పులు! ఆ అవమానం నేను మరచిపోలేదు, మరచిపోయే ఉద్దేశం కూడా లేదు. మెస్సు మూతపడ్డాక నన్ను పాతసామాన్ల కొట్టు ముందు ఎండలో నిలబెట్టారు. తలుపులూ కిటికీలూ కొనేవాళ్ళు నా పక్కనుంచే వెళ్ళిపోయేవారు.

అక్కడికి చంద్రకళ వచ్చింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల, కడియపులంకలో ఒక నర్సరీలో పనిచేస్తుంది. వచ్చీ రాగానే నా జాలీకి ఒక వైపు నోరు పెట్టి ఊది, రెండో వైపు అరచెయ్యి పెట్టి చూసింది. నా జన్మలో ఎవరూ నన్ను అలా పరీక్షించలేదు.

"గాలి బాగా ఆడతందండి. నాకిదే కావాలి," అంది కొట్టతనితో.

"గాజు బీరువా ఉందమ్మా, కొత్తది," అన్నాడతను.

"గాజు దానికి పడదండి. ఊపిరాడక చస్తాది."

దేనికి ఊపిరాడక? అతను అడగలేదు, నాకు అడిగే నోరు లేదు. ఇంటికి తీసుకెళ్ళాక ఆమె ముందు నా అరలు నాలుగూ ఊడదీసింది. తుప్పు జాలీ కోసేసి, గోళ్ళు గీరుకోకుండా ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త జాలీ బిగించింది. నెత్తిన చెక్క కూడా తీసేసి అక్కడా జాలీయే వేసింది. అడుగున నీళ్ళు దిగేందుకు ఒక ట్రే, పైన వేడికి ఒక బల్బు, పక్కనే ఎండకి బదులు పనిచేసే ఒక పొడుగాటి లైటు. బొటనవేలు లావున జామకొమ్మలు తెచ్చి అడ్డంగా, ఏటవాలుగా బిగించింది. లోపలికొచ్చేది మనిషి తలకన్నా ఎత్తులో ఉంటేనే ధైర్యంగా ఉంటుందట, అందుకని నన్ను ఒక బల్ల మీదికి ఎక్కించింది. చివరికి తన నర్సరీలోంచి నిగనిగలాడే మొక్కలు మూడు ఏరి తెచ్చి నాలో పెట్టింది. ఒక్క ఆకుకి కూడా పురుగు కాటు లేదు. నేను కూడా గర్వపడ్డాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

మర్నాడు నాలోకి ఊసరవెల్లి వచ్చింది.

బల్లిని రానివ్వకూడదని పుట్టినదాన్ని నేను. బల్లికి పెద్దన్న లాంటి జంతువును తెచ్చి నా కడుపులో పెట్టారు. ఆ పూట నుంచి నా తలుపు సరిగ్గా మూసుకోలేదు. చెక్క ఉబ్బిందని చంద్ర అనుకుంది. అది ఉబ్బు కాదు, కోపం.

ఆ ఊసరవెల్లి ఆనందరావు మాస్టారిది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి. కంటి ఆపరేషన్ తర్వాత దాన్ని చూసుకోలేక, తనకి మొక్కలు తెచ్చిచ్చే చంద్రకి అప్పగించారు. "మన పొలాల్లో కనిపించేదాన్ని పట్టి పెంచితే నేరమమ్మా. ఇది ఎడారి దేశపు జాతి, పెంపకంలోనే పుట్టింది. కాగితాలు నీ పేరుకి మార్పించాను," అని కాగితాలు కూడా చేతిలో పెట్టారు. చంద్ర ఏనాడూ కుక్కపిల్లనైనా పెంచలేదు. ఆమె పెంచిన మొక్కలన్నీ లారీలెక్కి వెళ్ళిపోయేవి. తన దగ్గరే ఉండిపోయే ప్రాణం ఒకటి కావాలని ఆమెకి ఎప్పటినుంచో ఉంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, రోజూ పొద్దున్నే నా తలుపు తీసే తీరులో నాకు తెలిసిపోయేది.

ఇంట్లో ఉన్నది మరొక్కరే, మేనత్త విశాలాక్షమ్మ. తల్లి పోయాక చంద్రని పెంచిన మనిషి. రోజూ శివుడికి అభిషేకం చెయ్యనిదే ఆవిడ మంచినీళ్ళు ముట్టదు. ఊసరవెల్లిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఊళ్ళో కుక్కలూ పిల్లులూ గొడ్డుపోయాయేంటే?"

"దాని మానాన అదుంటాది అత్తా. అరవదు, కరవదు. ముట్టుకోవక్కర్లేదు కూడాను."

"నేనెందుకు ముట్టుకుంటానే. చూడు ఆ నడక, అడుగు తీసి అడుగెయ్యడానికి అరపూట. పెద్ద దొర."

దాని పేరు అలా దొర అయింది. నెత్తిన కిరీటంలా ఎత్తు, ఒంటి మీద ఆకుపచ్చ, పసుపు పట్టీలు, ఒక కన్ను గోడనీ మరో కన్ను గుమ్మాన్నీ చూస్తుండేది. రంగులు మారుస్తుందని దానికి మీరు కట్టబెట్టిన చెడ్డపేరు నేనూ విన్నాను. దగ్గరుండి చూసినదాన్ని చెబుతున్నాను, వినండి. భయమేస్తే నల్లబడేది, కోపమొస్తే పట్టీలు మెరిసేవి, చలేస్తే ముదురు రంగుకి తిరిగేది. మనసులో ఉన్నది దాచుకోవడం చేతకాని ప్రాణి ఆ ఇంటి మొత్తానికి అదొక్కటే.

చేతనైనవాళ్ళని చూడాలంటే పైవాటాలో ఉన్నారు. ఇంటాయన పేర్రాజు గారు. రోజూ స్నానం చేసి కిందికి దిగి, విశాలాక్షమ్మ చేతి తీర్థం పుచ్చుకుని వెళ్ళేవారు. మొదటి రోజే తన చుట్టాలందరినీ తీసుకొచ్చి, "మా ఇంట్లో అరబ్బు దేశపు జంతువుందండి," అని నా ముందు నిలబెట్టి చూపించారు. మూడో రోజు ఆయన బోరు ఎండిపోయింది. "అపశకునపు జంతువుని తెచ్చి పెట్టారండీ," అన్నారు అదే నోటితో. ఆయన ఒంటి మీద పట్టీలు మాత్రం మెరవలేదు.

నిజమైన కష్టం వేరే చోట మొదలైంది. దొర నీళ్ళు తాగడం లేదు. చంద్ర స్టీలు గిన్నెలో నీళ్ళు పెట్టి, పూటపూటకీ మార్చేది. దొర ఆ గిన్నె వంకైనా చూసేది కాదు. నాలుగో రోజుకి కళ్ళు లోపలికి పోయాయి. మాస్టారికి ఫోన్ చేస్తే, "నిలవనీళ్ళని అది నీళ్ళని గుర్తుపట్టదమ్మా. ఆకు మీంచి బొట్టు జారుతూ ఉండాలి, అదీ చాలాసేపు," అన్నారు. చంద్ర ఏడింటికల్లా నర్సరీలో ఉండాలి. నా నెత్తిన చట్రానికి నిలువు కొక్కెం బిగించి, దానికి చిల్లు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా కట్టి వెళ్ళింది. అది పావుగంటలో ఖాళీ అయిపోయింది.

ఆ పగలు ఇంట్లో ఉన్నది విశాలాక్షమ్మ, దొర, నేను. ఆవిడ రెండు మూడు సార్లు వచ్చి దాని కళ్ళు చూసి వెళ్ళింది. నాలుగోసారి వచ్చినప్పుడు చేతిలో ధారాపాత్ర ఉంది. శివలింగం మీద వేలాడదీసే రాగిపాత్ర, అడుగున సూదిమొన అంత బెజ్జం. బొట్టు వెనక బొట్టు, తొందర లేకుండా పడుతుంది. నా నెత్తిన కొక్కేనికి దాన్ని తగిలించి నిండా నీళ్ళు పోసింది. బొట్టు జాలీలోంచి దిగి ఆకు మీద పడింది, ఆకు వంగింది, బొట్టు అంచుకి జారింది. దొర రెండు కళ్ళనీ ఒకే చోటికి తిప్పింది. నోరు తెరిచింది.

సాయంత్రం చంద్ర వచ్చి పాత్రని చూసింది. "అత్తా, మరి శివుడికో?"

"ఆయనకి చెంబుతో పోస్తాన్లే. దాహమేసి చచ్చిపోడుగా ఆయన."

అప్పుడే నాకు విశాలాక్షమ్మ మీద గౌరవం కలిగింది. నా తలుపు కూడా ఆ రోజు నుంచి సరిగ్గా మూసుకుంది.

ఇక్కడితో కథ బాగుపడిందనుకున్నాను. మూడో రోజు పొద్దున దొర పైకొమ్మ మీంచి కింది కొమ్మకి జారింది. పగటిపూట కళ్ళు మూసుకుని ఉంది. తిండికి వదిలిన మిడత ఎదురుగా ఉన్నా నాలుక ముందుకు సాగలేదు. ఒంట్లో సన్నని వణుకు. రంగు బొగ్గులా అయిపోయింది. తీర్థానికొచ్చిన పేర్రాజు గారు నా నెత్తిన ఉన్న పాత్రని అప్పుడే చూశారు.

"విశాలాక్షమ్మ గారూ, దేవుడి పాత్రండీ అది. ఊసరవెల్లికి అభిషేకవా? చూశారా, మూడు రోజులు తిరక్కుండా ఏమయ్యిందో. ఊరికే పోద్దా అపచారం?"

ఆయన ఆ రోజు తీర్థం తీసుకోకుండానే పైకెళ్ళిపోయారు. విశాలాక్షమ్మ నా ముందు పీట వేసుకుని చాలాసేపు కూర్చుంది. తన చేత్తో పోసిన నీళ్ళే దాన్ని చంపుతున్నాయేమో అన్న భయం ఆవిడ మొహంలో నాకు స్పష్టంగా కనిపించింది. నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఎందుకంటే తప్పెక్కడుందో నాకు తెలుసు. లోపల వదిలిన మిడతలు ఆకు నమిలి, నా అడుగున ట్రేలో వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకోవడం నేను రెండు రోజులుగా చూస్తున్నాను. నాకు నోరు ఇవ్వని వీరాచారిని తిట్టుకున్నాను.

చంద్ర పని మానేసి ఇంట్లోనే ఉంది. మేనత్త నా తలుపు తీసి, ముక్కు చిట్లించింది.

"ఏమే, ఈ ఆకులేంటి నీ కొంగులా కంపు కొడుతున్నాయి?"

"నా కొంగు కంపేంటత్తా?"

"రోజూ నర్సరీ నించి మోసుకొస్తావుగా, అదే. మందు కంపు."

చంద్ర ఆకుని ముక్కుకి ఆనించుకుంది. ఏమీ తెలియలేదు. ఆరేళ్ళుగా ఆ వాసనలోనే బతుకుతున్న ముక్కుకి అది వాసనే కాదు. కానీ విషయం అర్థమైంది. నర్సరీలో లారీకెక్కే మొక్కకి వారానికోసారి మందు కొడతారు. పురుగు కాటు లేదని మురిసిపోయి ఏరి తెచ్చింది తనే. ధారాపాత్ర నీళ్ళు ఆ ఆకుల్ని కడిగి, ఆ మందునే దొర నోట్లో పోశాయి.

"నేనే చంపేశానత్తా," అంది చంద్ర. ఏడవలేదు. గబగబా మూడు మొక్కలూ బయటికి లాగేసింది. కొమ్మలు, జాలీ, నా వెనక చెక్క, అన్నీ కుంకుడురసంతో రుద్ది కడిగింది. మాస్టారికి ఫోన్ చేసి చేసిన తప్పంతా దాచకుండా చెప్పింది. "మనం చెయ్యగలిగింది పెద్దగా లేదమ్మా. శుభ్రమైన ఆకులు పెట్టు, బొట్టు పడనివ్వు. తనంతట తాను నీళ్ళు తాగితే బతికినట్టే," అన్నారు.

మందు తగలని మొక్క ఆ ఇంట్లో ఒకటే ఉంది. డాబా మీద విశాలాక్షమ్మ పూజకోసం పెంచుకునే ముద్దమందారం. పూలు కోసేటప్పుడు కూడా కొమ్మ కదలనిచ్చేది కాదావిడ. దాన్ని కుండీతో సహా తనే మోసుకుంటూ మెట్లు దిగివచ్చి, మొగ్గలతో సహా నాలో పెట్టింది.

ఆ రోజంతా బొట్లు పడుతూనే ఉన్నాయి. దొర కదల్లేదు. రెండో రోజూ అంతే. ఆ రెండు రోజులూ నేను బీరువా చేయగలిగిందంతా చేశాను. గాలిని ఆడనిచ్చాను, చీమని రానివ్వలేదు. మీకు అది చిన్న పనిలా కనిపించవచ్చు, కనిపించనివ్వండి.

మూడో రోజు పొద్దున పేర్రాజు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఈసారి స్నానం చేసి తీర్థానికి కాదు, ఇంటాయనగా చొక్కా తొడుక్కుని వచ్చారు.

"విశాలాక్షమ్మ గారూ, నాకు మీరంటే గౌరవం అండి. కానీ ఒక్కటే మాట. ఆ పాత్ర దేవుడి దగ్గిరికి పోవాలి, ఆ జంతువు బయటికి పోవాలి. లేదంటే మీరు ఇల్లు ఖాళీ చెయ్యాలండి."

పదకొండేళ్ళుగా ఉన్న ఇల్లు. చంద్ర మేనత్త వంక చూసింది. ఆవిడ కష్టపడితే తను భరించలేనన్నట్టు పాత్ర వైపు చెయ్యి చాచింది. విశాలాక్షమ్మ ఆ చేతిని పక్కకి తప్పించింది. బిందెలోంచి చెంబెడు నీళ్ళు ముంచి, ఇంటాయన చూస్తుండగానే, పాత్ర నిండా పోసింది. అంచు దాటి నీళ్ళు నా పక్కనుంచి కారాయి.

బొట్టు మందారం ఆకు మీద పడింది. ఇంకొకటి పడింది. ముగ్గురూ నా జాలీలోంచి చూస్తున్నారు, పేర్రాజు గారు కూడా. దొర ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. కింది కొమ్మ మీద ఒక కాలు ఎత్తి, గాలిలో కాసేపు ఆపి, ముందుకు వేసింది. ఆ ఒక్క అడుగుకి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. ఆకు అంచున నిలిచిన బొట్టుకి నోరు అందించింది. గొంతు కదిలింది. బొగ్గులా ఉన్న మెడ మీద సన్నగా పచ్చదనం తిరిగింది.

"ఏవంటారండీ మరి?" అని పేర్రాజు గారు మెల్లగా అడిగారు.

విశాలాక్షమ్మ ఆయన వైపు తిరగలేదు.

"ఖాళీ చేస్తామండి," అంది. "ఇది నీళ్ళు తాగడం అవ్వనివ్వండి."

ఆ మాట అని పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. దొర చాలాసేపు తాగింది.