దేవుని సంచి

ఎల్బీ నగర్ మానెమ్మ అన్నం వండే ప్రతిసారీ ముందుగా ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని సంచిలో వేస్తుంది. ఆదివారం ఆ సంచి చర్చికి పోతుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో వంటకు చేరిన మొదటి రోజు కూడా అలవాటుగా పిడికెడు తీసి పక్కన పెట్టింది. యజమానురాలు ఉదయలక్ష్మి చూసింది.

"ఎవరికమ్మా అది?"

"దేవునికి మేడమ్."

"నా బియ్యమా?"

మానెమ్మ నాలుక కరుచుకుని, ఆ పిడికెడు తిరిగి గిన్నెలో పోసింది.

ఉదయలక్ష్మి బియ్యం తనే కొలిచి ఇస్తుంది. ఒక్క గ్లాసు ఎక్కువ పోయదు. అందుకని కోచింగ్ నుంచి ఆఖరున వచ్చే పిల్లకు రోజూ గిన్నె అడుగున మాడిందే మిగిలేది. ఆ పిల్ల దాన్నే గీక్కుని తినేది. మానెమ్మ నాలుగు రోజులు చూసింది. ఐదో రోజు, శనివారం, ఇంటి నుంచి దేవుని సంచి తెచ్చి, అందులోది మొత్తం కడిగి ఎసట్లో పోసింది. ఆ పూట ఆ పిల్ల రెండుసార్లు పెట్టించుకుంది.

ఆదివారం చర్చిలో పాస్టర్ ఆమె ఉత్త చేతులు చూసి, "ఈ వారం దేవుని బియ్యం ఏదమ్మా?" అన్నాడు.

"దేవుడు నిన్న కోచింగ్ నుంచి లేటుగా ఒచ్చిండు అయ్యగారూ," అంది మానెమ్మ. "ఆకలి మీదున్నడు. పెట్టేసిన."