దిద్దబోతే పోయే వరసలు

నర్సీపట్నంలో యాజులుగారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లోకి కంప్యూటరు వచ్చి నెల తిరక్కుండానే, అది లలితాంబ చేతికి పడదన్న మాట బజారంతా పాకిపోయింది.

ఆ మాట పుట్టించినవాడు మన్మథరావు. నాతవరంలో జీడిపిక్కల వ్యాపారం చేసే మనిషి. కంప్యూటరు కొనడంలో యాజులుగారితో వాటా కలిపాడు. వెనక గదికి గచ్చు చేయించి, కిటికీలకు అద్దాలు బిగించి, చెప్పులు బయట విడవాలని బోర్డు రాయించింది కూడా అతనే. ఆ గదిలో పాఠం చెప్పవలసిన మనిషి లలితాంబ. పదకొండేళ్లుగా అక్కడే టైపు పరీక్షలకి లోయరూ హయ్యరూ నేర్పుతోంది. యాజులుగారే ఆమెను ఎంచి, విశాఖపట్నం పంపించి నెల రోజులు కంప్యూటరు నేర్పించారు. వచ్చే ఆదివారం ప్రారంభం. సోమవారం నుంచి పొద్దుటొకటి, సాయంత్రమొకటి బ్యాచిలు.

కొత్తగా ప్రోగ్రాం కొట్టేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఆమె వేళ్ల వెంటే పడుతూ ఉంటాయి. చిక్కంతా దిద్దేటప్పుడే. మధ్యలో ఒక వరస వదిలేస్తే, ఎడిటర్‌లో ఆ చోటికి వెళ్లి కొట్టాలి. అప్పుడు ముందున్న అక్షరాలు పక్కకి జరిగి కొత్తవాటికి చోటివ్వాలి. విశాఖపట్నంలో అలాగే జరిగేది. ఇక్కడ కొత్త వరస కొట్టి తలెత్తేసరికి దాని కింది వరస ఉండేది కాదు. పోనీ ఎప్పుడూ అంతేనా అంటే అదీ కాదు. ఒకసారి పద్ధతిగా చోటిచ్చేది. పది నిమిషాల తరవాత అదే ప్రోగ్రాంలో ఉన్నవాటిని తినేసేది.

ఫ్లాపీ మార్చారు. వోల్టేజి ఎగుడుదిగుడని మన్మథరావు పెద్ద స్టెబిలైజరు తెచ్చి పెట్టాడు. చివరికి విశాఖపట్నం నుంచి మెకానిక్కును పిలిపించారు. అతను నిలబడే నాలుగు వరసలు కొట్టాడు, మధ్యలో ఇంకోటి ఇరికించాడు. అన్నీ సరిగానే వచ్చాయి.

"మిషను బాగానే ఉందండీ. ఆపరేటర్ మిస్టేక్," అని టీ తాగి బస్సెక్కేశాడు.

ఆ సాయంత్రమే మన్మథరావు నాతవరం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటమ్మా పంతులమ్మా, మేం కొడితే బాగుంటాది, నువ్వు కొడితేనే మింగేత్తాది. దానికీ నీకూ ఏటి పగ?"

"మీరు కొట్టింది మీ పేరొక్కటే కదండీ," అంది లలితాంబ.

"నా పేరు మింగనేదు కదా మరి!"

యాజులుగారు మధ్యలో అందుకున్నారు. "నువ్వు బలంగా కొడుతున్నావేమో అమ్మా. ఇది ఇనప మిషను కాదు. తమలపాకు తుడిచినట్టు తాకాలి."

"మెల్లిగానే కొడుతున్నాను మాస్టారూ."

"ఇయ్యన్నీ కాదు గాని యాజులుగారూ," అన్నాడు మన్మథరావు, "విశాపట్నంలో మా తోడల్లుడికి తెలిసిన కుర్రోడున్నాడు. డిగ్రీ సదివేడు. ఆదివారం ఊళ్లో పెద్దలందరి ముందరా మింగీసిందనుకో, నా పరువేటవుద్ది? ఆవేళ ఈవిడ సేతే సేయించండి. బాగుంటే సరే. నేదంటే సోమారం నుంచి ఆడే సెప్తాడు. ఈవిడికి టైపు మిషన్లు ఎలాగూ ఉన్నాయి."

యాజులుగారు తలూపారు.

టైపు మిషన్లు ఉన్నాయన్న మాటే లలితాంబకి గుచ్చుకుంది. పదకొండేళ్లుగా అవే పాఠాలు, అవే వేళ్లు, అవే తప్పులు. విశాఖపట్నంలో తను కొట్టిన ప్రోగ్రాం మొదటిసారి నడిచి, తెర మీద జవాబు పడిన రోజున ఆమె పక్కవాళ్లు లేవమనేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ గది చేజారిపోతే మళ్లీ ఎవరూ తనని దేనికీ ఎంచరని ఆమెకు తెలుసు.

ఇంట్లో అత్తగారు బాలాంబ చిక్కుడుకాయలు ఒలుస్తూ సంగతంతా విన్నారు.

"కుక్కరు కొన్న కొత్తలోనూ ఇంతే కదుటే. నెల్లాళ్లు ఈలెయ్యలేదు. మిషన్లన్నీ నీ చేతికొచ్చేసరికి అలుగుతాయి."

"ఇప్పుడు వేస్తోంది కదా అత్తయ్యా."

"వేస్తోంది. నేను పెడితే."

భర్త సోమసుందరం పేపరు చాటున నవ్వాడు. అతను రెవిన్యూ ఆఫీసులో గుమాస్తా. శుక్రవారం ఆఫీసయ్యాక తిన్నగా ఇన్‌స్టిట్యూట్‌కే వచ్చి, చెప్పులు బయట విడిచి, ఆమెకు ఎడమవైపు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. విశాఖపట్నంలో ఇచ్చిన పాఠాల పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. అట్టకి గుడ్డ అంటించి కుట్టిన లావుపాటి పుస్తకం అది.

"నువ్వు కొట్టు, నేను చదువుతాను. బేగి తెములుతుంది."

కోర్టు బంట్రోతు పేరు పిలిచినట్టు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"పది, ప్రింటు. ఇరవై, ఇన్‌పుటు, ఎన్... ఇదేవిటోయ్, ఎస్సుకి గీత కొట్టేశారు?"

"అది డాలరు గుర్తండీ. ఎన్ డాలర్ అనండి."

"డాలర్లా! మన్మథరావుగారికి తెలుసా?"

ఆమె నవ్వుతూనే కొట్టింది. కావాలని ఒక వరస వదిలేసి, వెనక్కి వెళ్లి మధ్యలో పెట్టింది. కింది వరసలు చక్కగా జరిగి చోటిచ్చాయి. ఇంకోటి పెట్టింది. మరోటి. పాఠం తరవాత పాఠం దిద్దుకుంటూ పోయారు. వీధి దీపాలు వెలిగేదాకా ఒక్క అక్షరం పోలేదు.

"నా హస్తవాసి," అన్నాడు సోమసుందరం మెట్లు దిగుతూ. "ఆ విశాఖపట్నం కుర్రాడెందుకు, నన్ను వేయించు."

శనివారం హయ్యరు బ్యాచి అయ్యాక లలితాంబ ధైర్యంగానే వెనక గదిలోకి వెళ్లింది. ఆదివారం చూపించవలసిన ప్రోగ్రాం కొట్టింది. రెండు చోట్ల దిద్దింది. రెండో చోట కింది వరస పోయింది.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నిన్నటి కరెంటే, నిన్నటి ఫ్లాపీయే. వేళ్లూ తనవే. బలంగా కొట్టడమే తప్పయితే నిన్న కూడా పోవాలి కదా. నిన్న ఉన్నదీ ఇవాళ లేనిదీ ఏమిటి? ఆయన ఉన్నారు. ఆయన ఉంటే మిషనుకేం? చదివి వినిపించారు. మిషనుకి చెవుల్లేవు. మరి ఆయన చేసిందేమిటి? పుస్తకం పట్టుకున్నారు.

ఆమె పుస్తకం వైపు చూసింది. అది మీటల పలకకి కుడిపక్కన ఉంది. చూసి కొట్టే కాపీ ఎప్పుడూ కుడిపక్కన ఉండాలనేది యాజులుగారి ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి రోజు చెప్పే రూలు. రెండో రూలు, కళ్లు కాపీ మీదే ఉండాలి, కొట్టేదాని వైపు చూడకూడదు. చూసిన పిల్లల చేతి మీద ఆమె స్కేలుతో ఒకటి వేసేది కూడా. వడ్రంగి కంప్యూటరు బల్లని దానికి సరిగ్గా సరిపోయేలా చేశాడు. పుస్తకానికి చోటు మిగల్లేదు. అందుకని దాని ఎడమ అంచు మీటల పలక మీదికి వచ్చి కూర్చునేది.

ఆమె ఈసారి కాపీ వైపు చూడ్డం మానేసింది. కళ్లు తెర మీద పెట్టి, కుడి చేత్తో పేజీ తిప్పింది. తెర పైన మూలగా ఇన్సర్ట్ అని ఒక చిన్న మాట కనబడింది. మరో పేజీ తిప్పేసరికి ఆ మాట లేదు. ఇంకోటి తిప్పింది. ఏమీ కాలేదు. ఇంకోటి తిప్పింది. మాట తిరిగి వచ్చింది.

పుస్తకం ఎత్తి చూసింది. దాని అంచు కింద, అంకెల మీటల్లో అన్నిటికంటే కిందిది, వెడల్పుగా, సున్నా ఉన్న మీట. సున్నా కింద చిన్న అక్షరాల్లో ఐ, ఎన్, ఎస్ అని ఇన్సర్ట్‌లో మొదటి మూడక్షరాలు ఉన్నాయి. వేలితో నొక్కింది. పైనున్న మాట పోయింది. ఇప్పుడు వరస మధ్యలో కొడితే ఉన్న అక్షరాల మీదే కొత్తవి పడ్డాయి. మళ్లీ నొక్కి కొట్టింది. అక్షరాలు జరిగి చోటిచ్చాయి.

విశాఖపట్నంలో ఒక్కో మిషనుకు పదిమంది ఎగబడేవారు. పుస్తకం పెట్టుకోడానికి చోటెక్కడ? పాఠం గోడకి తగిలించేవారు. ఈ మీట జోలికి ఎవరూ పోలేదు, ఎవరూ చెప్పలేదు.

సంతోషం వేసిన మాట నిజమే గాని ఎంతోసేపు నిలవలేదు. మెకానిక్కు అన్నదే నిజమయింది. తప్పు తనదే.

యాజులుగారిని పిలిచి చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ మీటని తనే నాలుగైదుసార్లు నొక్కి చూశారు.

"అంటే నా రూలు తప్పంటావా?"

"టైపుకి తప్పు కాదు మాస్టారూ."

"నేను ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పట్నించీ చెబుతున్నది అదే. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు సెక్రటేరియట్‌లో ఉన్నారు." గొంతు తగ్గించారు. "సరే. రేపు పుస్తకం ఎడమపక్క పెట్టుకుని కానిచ్చెయ్. మన్మథరావు అడిగితే దానంతటదే సర్దుకుందందాం."

"మరి సోమవారం వచ్చే పిల్లలకేం చెప్పను? వాళ్లలో సగం మంది మన టైపు పిల్లలే. అందరూ కుడిపక్కే పెడతారు."

"పిల్లల సంగతి తరవాత. రేపు నలుగురిలో నన్ను మాత్రం ఇందులోకి లాగకమ్మా."

ఆదివారం కొబ్బరికాయ కొట్టారు. బట్టల కొట్ల వాళ్లూ, ఇద్దరు లెక్చరర్లూ, రెవిన్యూ ఆఫీసు వాళ్లూ ఆ చిన్న గదిలో ఒకరి భుజాల మీంచి ఒకరు చూస్తున్నారు. లలితాంబ పుస్తకాన్ని ఎడమపక్కన స్టూలు మీద పెట్టుకుంది. ప్రోగ్రాం కొట్టింది. నడిపించింది. ఎవరు ఏ పేరు చెబితే ఆ పేరుతో కంప్యూటరు నమస్కారం పెట్టి, చెప్పిన అంకెలు కూడి చూపించింది.

"అది సరే, దిద్ది సూపించు," అన్నాడు మన్మథరావు.

మధ్యలో రెండు వరసలు పెట్టింది. ఏదీ పోలేదు.

"అదీ! సూసేరా? పెద్ద స్టెబిలైజరు ఏసేను కదా, అదీ దెబ్బ!" మన్మథరావు అందరి వైపూ తిరిగాడు. "కరెంటు మూలంగానే కదమ్మా ఇన్నాళ్లూ మింగీసింది?"

యాజులుగారు కళ్లతోనే ఔననమన్నారు. ఔనంటే అయిపోయేది. గది ఆమెదే. లలితాంబ ఒక్క క్షణం మీటల వైపు చూసింది.

"కాదండీ. కరెంటు ఎప్పుడూ బాగానే ఉంది. తప్పు నాదే."

స్టూలు మీది పుస్తకం తీసి కుడిపక్క పెట్టింది. పేజీలు తిప్పుతూ తెర మీద మూల చూడమంది. మాట పోవడం, రావడం అందరూ చూశారు. అది లేనప్పుడు ఒక వరస దిద్దింది. కింది వరస పోయింది. వెనక ఎవరో గట్టిగా నవ్వారు.

"అయితే మెకానిక్కు సెప్పిందే నిజమన్నమాట!" అన్నాడు మన్మథరావు.

"నిజమేనండీ. కానీ ఏం తప్పో ఆయన చెప్పలేదు."

"మరి కుడిపక్క ఎందుకెట్టేవు?"

ఆమె పుస్తకం తీసి మళ్లీ స్టూలు మీద పెట్టింది. గోడకి ఆనుకుని నిలబడ్డ యాజులుగారు కదిలారు.

"ఆ రూలు నాదండీ మన్మథరావుగారూ. కాపీ కుడిపక్కే పెట్టాలని ఈవిడకి నేర్పింది నేను. ఈ ఊళ్లో టైపు వచ్చిన వాళ్లందరూ అలాగే పెడతారు."

మన్మథరావు తల గోక్కున్నాడు. స్టెబిలైజరు వైపు ఒకసారి కోపంగా చూశాడు.

"ఆ కుర్రోడిని రమ్మని కబురెట్టేసేను. మాట తిప్పుకోనేను." ఆలోచించి అన్నాడు. "ఒక పని సేద్దాం. సాయంత్రం బ్యాచి ఆడికి. పొద్దుటిది నీకు. ఏటంటావు?"

"పొద్దుట నాకు టైపు క్లాసులున్నాయండీ. నాకు సాయంత్రం కావాలి. మన టైపు పిల్లల్ని నాకివ్వండి."

"బేరాలు కూడా నేర్సేవే పంతులమ్మా!" మన్మథరావు నవ్వేశాడు. "సరే, అలాగే కానియ్. ఆడు పొద్దుటే లేస్తాడో నేదో మరి!"

ఇంటికి వెళ్లి చెబితే, సాయంత్రం బ్యాచి అంటే కూర ఎవరు వండుతారని బాలాంబ అడిగారు. సోమసుందరం పేపరు అడ్డం పెట్టుకున్నాడు. లలితాంబ ఆ పేపరు లాగి మడిచి పక్కన పెట్టింది.

సోమవారం సాయంత్రం పిల్లలు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. అందరికంటే ముందు గున్నమ్మ అనే అమ్మాయి మిషను దగ్గర కూర్చుంది. లోయరు ఫస్టు క్లాసులో పాసయిన పిల్ల. అడక్కుండానే పుస్తకం కుడిపక్కన విప్పి పెట్టుకుని, తెర వైపు చూడకుండా టకటకా కొట్టుకుపోయింది. మిగతావాళ్లు చుట్టూ నిలబడ్డారు. లలితాంబ పుస్తకం జోలికి పోలేదు. ఒక వరస వదిలేశావని మాత్రం చెప్పింది.

గున్నమ్మ పేజీ తిప్పి చూసుకుని, వెనక్కి వెళ్లి దిద్ది, తలెత్తింది.

"మేడమ్, నా కింది వరస ఏటయిపోనాదండీ?"

లలితాంబ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"అందరూ ఇటు రండి," అంది. "గున్నమ్మా, నువ్వు లేవకు. ఇప్పుడేం చేశావో, మళ్లీ అదే చెయ్యి. ఈసారి తెర చూస్తూ చెయ్యి."