లారీ మూలిగిన చోటు

తెనాలిలో చేప అమ్ముకుని ఖాళీ లారీతో తిరిగి వస్తుంటే, పిట్టలవానిపాలెం దగ్గర బండి మూలగడం మొదలుపెట్టింది. ఇంజనులో టకటక అంతకుముందు నుంచే ఉంది. లోపలెవరో కూర్చుని చిన్న సుత్తితో రేకు మీద కొడుతున్నట్టుండేది. ఇప్పుడు దానికి ఈ మూలుగు తోడయింది. వేగం నలభై దాటితే చాలు, కాళ్ల కిందనుంచి "ఊఁ..." అని లేస్తోంది. తగ్గిస్తే అణుగుతోంది.

"వింటున్నావా?" అన్నాడు వీరాంజనేయులు, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

"అమృతలూరు దాటిన కాడినుంచీ వింటానే ఉన్నా," అంది పక్కన కూర్చున్న జ్యోతిలక్ష్మి.

బండి కొని పదకొండు రోజులైంది. వాడరేవులో చేపలమ్మే ఆడవాళ్లు ఆరుగురు కలిసి కొన్నారు. ఇన్నేళ్లూ వాళ్లు పడవల దగ్గర వేలంలో చేప పాడుకుని, ఎవరి లారీలోనో నాలుగు బుట్టలకి చోటు బతిమాలుకుని, ఆ లారీవాడు కదిలినప్పుడే కదిలేవాళ్లు. వాడు టీకి దిగితే ఎండలో ఐసు కరిగిపోతున్నా నోరెత్తేవాళ్లు కాదు. సొంత బండి ఉంటే ఈ బాధ ఉండదని మిగతా అయిదుగురికీ నచ్చజెప్పింది జ్యోతిలక్ష్మే. పన్నెండేళ్లు ఇతరుల లారీలు తోలిన మొగుడు వీరాంజనేయులు ఇంట్లోనే ఉన్నాడు గనక డ్రైవరుకి వెతుక్కోనక్కర్లేకపోయింది. రేపల్లెలో ప్రకాశరావనే రొయ్యల వ్యాపారి తన పాత లారీ అమ్ముతున్నాడని తెలిసి, అందరికన్నా ముందు వెళ్లి చూసిందీ ఆమే.

"పదిహేడేళ్ల బండమ్మా. ముసలిదే, నేనేం దాచను," అన్నాడు ప్రకాశరావు. ఆ మాట నిజాయితీగానే ఉందనిపించింది ఆమెకి.

ఆరుగురిలో పెద్దది వెంకటసుబ్బులు. "నీ మాట మీద దిగుతున్నానే లక్ష్మీ. ముంచినా తేల్చినా నువ్వే," అని అప్పుడే చెప్పింది. అందుకే ఇంజనులో ఆ టకటక వినిపించినప్పుడల్లా దెబ్బ తన గుండె మీదే పడుతున్నట్టుంది జ్యోతిలక్ష్మికి.

బాపట్లలో రోడ్డు పక్కనున్న ఒక షెడ్డు ముందు ఆపారు. మెకానిక్ శ్యాంప్రసాద్ చేతిలో ఫోను అలాగే పట్టుకుని వచ్చి, ఇంజను రెండుసార్లు రేజ్ చేయించి, నాలుగడుగుల దూరంలో నిలబడి విన్నాడు. తర్వాత తనూ ఎక్కి, వీరాంజనేయుల చేత బండిని ఊరి చివరిదాకా తోలించాడు.

"రాడ్డు బేరింగులు పోయినాయండి. ఇంజను దించాల్సిందే. ఆ మూలుగు గేర్‌బాక్సుది. అదీ దించాలి. ఎంత లేదన్నా పదిహేను రోజులు పడుద్ది."

"కిందికి దూరి చూడకుండానే ఎట్టా తెలిసింది అన్నా?" అంది జ్యోతిలక్ష్మి.

"రోజూ చూసే రోగమే గదమ్మా," అని మళ్లీ ఫోను చూసుకున్నాడు.

పదిహేను రోజులు! వేట నిషేధం ముగిసి వారమైనా కాలేదు. రెండు నెలలు ఒడ్డునే ఉన్న పడవలన్నీ ఇప్పుడు నిండుగా వస్తున్నాయి. ఈ పదిహేను రోజులు చేప చూపించకపోతే తెనాలిలో పట్టిన ఖాతాదార్లు ఇంకొకరి బుట్ట దగ్గరికి పోతారు. ఆలోచించుకుని చెబుతామని బండి తీయించింది.

ఇంటికి చేరాక వీరాంజనేయులు అన్నాడు. "తెనాల్లో పాండురంగారావుగారని ఉన్నారు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని లారీ లేదు. కాకపోతే ఇప్పుడు చెవులు సరిగ్గా పనిచెయ్యవు. షెడ్డుకి ఎవరూ పోవట్లేదు."

"బుర్ర పనిచేస్తందా?"

"అది బానే ఉంటది."

"అయితే రేపు అక్కడికే."

మర్నాడు మిగతావాళ్లు మళ్లీ పాత లారీవాడిని బతిమాలుకుని చేప ఎక్కించుకోవాల్సి వచ్చింది. వెంకటసుబ్బులు తన బుట్టలు తానే మోసుకుంటూ వీళ్ల ముందునుంచే పోయింది. తిట్టి ఉంటే నయమనిపించింది జ్యోతిలక్ష్మికి.

తెనాలి శివార్లలో పాండురంగారావు షెడ్డు శుభ్రంగా ఊడ్చి ఉంది. పనిముట్లు గోడకి వరసగా వేలాడుతున్నాయి, ముందర ఒక్క బండీ లేదు. డెబ్బై ఏళ్లుంటాయి మనిషికి. స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నవాడు లారీ వెనకనుంచి వచ్చి ఆగినా తలెత్తలేదు. నేల అదిరాక తిరిగి చూశాడు.

వీరాంజనేయులు ఆయన కుడిచెవి దగ్గర గట్టిగా సంగతంతా చెప్పాడు. ముసలాయన పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, దాని మొన ఇంజను మీద ఆనించి, పిడి తన దవడకి నొక్కి కళ్లు మూసుకున్నాడు.

"దడ తెలుస్తోంది నాకు. ఎముకకి తగుల్తోంది," అన్నాడు. "ఎక్కడిదో మాత్రం విడిగా తెలవట్లా. ఇక సన్న శబ్దాలు నాకు అసలే అందవు. మీ ఇద్దరిలో ఎవరి చెవులు గట్టివి?"

"మా ఆవిడవేనండి!" అని అరిచాడు వీరాంజనేయులు. "ఒడ్డున నిలబడి, పడవ కనపడకముందే ఎవరి పడవో చెప్పుద్ది. ఇంజను చప్పుడు పట్టి!"

పాండురంగారావు ఆమెకేసి తిరిగాడు. "అయితే ఇవాళ్టికి నా చెవులు నువ్వే తల్లీ. నీకు తోచింది చెప్పొద్దు. వినపడ్డది వినపడ్డట్టు చెప్పు. సరేనా?"

"సరే బాబాయ్."

ముందు ఇంజను కింద నట్టు వదులు చేసి, కాస్త ఆయిలు తెల్లగుడ్డ మీద పట్టి ఎండలో పరిచాడు. "బేరింగు అరిగితే ఇందులో ఇనప తళుకు కనపడాలి. ఉందా?"

ముగ్గురూ వంగి చూశారు. నల్లటి ఆయిలు తప్ప ఏమీ లేదు. జ్యోతిలక్ష్మికి కొంచెం ఊపిరాడింది.

తర్వాత ఇంజను నడుస్తుండగా, నాలుగు సిలిండర్లకీ డీజిలు పోసే సన్నపైపుల్ని ఒక్కోదాన్నీ పానాతో వదులు చేస్తూ వచ్చాడు. డీజిలు అందని సిలిండరు పని మానేస్తుంది. ఒకటోది వదులు చేశాడు. టకటక ఉంది. బిగించి రెండోది వదులు చేశాడు. ఉంది. మూడోది వదులు చేయగానే జ్యోతిలక్ష్మి చెయ్యి పైకి లేచింది. "ఆగింది!"

వీరాంజనేయులు మొహం పాలిపోయింది. "అంటే మూడో రాడ్డు పోయినట్టే గదండీ?"

"అందరూ ఇక్కడే ఆగిపోయి ఇంజను దించేస్తారు," అన్నాడు పాండురంగారావు. "రాడ్డు బేరింగు పోయినా ఇట్టాగే ఆగుద్ది, డీజిలు చిమ్మే నాజిలు పాడైనా ఇట్టాగే ఆగుద్ది. రెండిట్లో దొంగెవరో తేలాలంటే నాజిలుని చోటు మార్చాలి. మూడోదాని నాజిలు ఒకటోదానికి, ఒకటోదాని నాజిలు మూడోదానికి పెడదాం. టకటక మూడులోనే ఉండిపోతే తప్పు ఇంజనుది. నాజిలుతోపాటు ఒకట్లోకి వస్తే నీ ఇంజను బంగారం."

తుప్పు పట్టిన నట్లు మొరాయించాయి. ఒకటి ఊడటానికే అరగంట పట్టింది. వీరాంజనేయులు పట్టుకుంటే ముసలాయన తిప్పాడు. ఇద్దరి చొక్కాలూ తడిసిపోయాయి. ఆ గంటన్నరలో జ్యోతిలక్ష్మి షెడ్డు ముందు ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో ఆమెకే తెలియదు.

స్టార్ట్ చేశారు. టకటక అలాగే ఉంది. పాండురంగారావు మూడో పైపు వదులు చేసి ఆమె వైపు చూశాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. ఆగలేదు. ఆగలేదు! "ఉందింకా!" అని అరిచింది. ఆయన మూడోది బిగించి ఒకటో పైపు వదులు చేశాడు. సుత్తి దెబ్బ ఎవరో చెయ్యి పట్టుకుని ఆపినట్టు ఠక్కున ఆగిపోయింది.

"ఒకట్లోకొచ్చింది బాబాయ్! నాజిలే! నాజిలే!"

ఆయన స్క్రూడ్రైవరు దవడకి పెట్టుకుని తానూ సరిచూసుకున్నాడు. దడ లేదు. బోసినోటితో పకపకా నవ్వాడు.

"ఇక మూలుగు," అన్నాడు, పాడైన నాజిలు ఊడదీసి కొత్తది వేశాక.

అమృతలూరు రోడ్డు మీదికి తీశారు. వేగం నలభై దాటగానే మూలుగు లేచింది. ముసలాయన చెప్పినట్టే వీరాంజనేయులు క్లచ్చి తొక్కాడు. మూలుగు మారలేదు. న్యూట్రల్‌లోకి తెచ్చాడు, ఇంజను చప్పుడు తగ్గింది. మూలుగు అలాగే ఉంది. బండి వేగం పడిపోయిన కొద్దీ అదీ పడిపోయింది.

"అయితే ఇంజనుకీ క్లచ్చికీ సంబంధం లేదు. చక్రాలతో తిరిగేదేదో అరుస్తోంది," అన్నాడు పాండురంగారావు. "గేర్‌బాక్సు వెనకభాగమా, మధ్యలో జాయింటా, వెనక ఇరుసు హౌసింగా? ఎక్కడిదో నేను పట్టలేను తల్లీ. ఈ వయసులో కదిలే బండిలో పాకలేను కూడా."

"నే పాకుతా," అంది జ్యోతిలక్ష్మి.

కొంగు నడుముకి బిగించి వెనక ఎక్కింది. చేప వాసన కొట్టే చెక్కల మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. బండి కదిలింది. ఖాళీ తొట్టి ఎగిరి పడుతోంది. దవడ అదురుతోంది. ఆమె రెండు చేతులతో పక్కచెక్క పట్టుకుని, ముందు క్యాబిన్ వెనకే వింది. మూలుగు ఉంది గానీ దూరంనుంచి వస్తున్నట్టుంది. వెనక చక్రాల పైకి జరిగింది. అక్కడా దూరంగానే ఉంది. మోకాళ్ల మీద మెల్లగా మధ్యకి పాకింది. ఒక చోట చెవి ఆనించగానే "ఊఁ..." అని ఎంత గట్టిగా తగిలిందంటే పళ్లు జివ్వుమన్నాయి. బొట్టుబిళ్ల తీసి ఆ చెక్క మీద అతికించి, క్యాబిన్ రేకు మీద దబదబా బాదింది.

బండి ఆగాక ముగ్గురూ కిందికి దూరారు. బొట్టుబిళ్ల ఉన్న చోటికి సరిగ్గా కింద, గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలని తిప్పే పొడుగాటి జాయింటు కడ్డీని మధ్యలో మోసే సెంటర్ బేరింగు వేలాడుతోంది. చుట్టూ రబ్బరు చిరిగిపోయింది. లోపల ఎర్రటి తుప్పు. చేత్తో తిప్పితే ఇసక నమిలినట్టు గరగరలాడింది. దాని పైన చెక్కలో వేలు పట్టేంత రంధ్రం. రొయ్యల ఐసునీళ్లు, ఉప్పునీళ్లు అన్నీ ఏళ్ల తరబడి అందులోంచే ఆ బేరింగు మీద బొట్టుబొట్టుగా కారుతూ వచ్చాయి.

"గేర్‌బాక్సుకి ఏ రోగమూ లేదు," అన్నాడు పాండురంగారావు, నేల మీద వెల్లకిలా పడుకునే. "ఉప్పు తిన్న బేరింగు ఇది. గంట పని."

నిజంగానే గంటలో కొత్త బేరింగు ఎక్కింది. ఆ రంధ్రానికి ఒక గొట్టం బిగించి నీళ్లు చక్రాల పక్కకి పోయేట్టు చేశాడు. ఎండ ఇంకా వాలనే లేదు. వెళ్లేముందు జ్యోతిలక్ష్మి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాడు.

"నాకెందుకమ్మా దణ్ణాలు? నాలుగేళ్లయింది నేను ఒక రోగం ఇట్టా పూర్తిగా పట్టుకుని. ఇవాళ నాకు అన్నం సయిస్తది," అన్నాడు.

మర్నాడు పొద్దున వాడరేవులో అందరికన్నా ముందు నిండింది ఆ లారీయే. నలభై రెండు బుట్టలు ఎక్కాయి, ఐసు ఎక్కింది. పైన అయిదుగురు ఆడవాళ్లూ ఎక్కారు. బాపట్ల దాటారు. పిట్టలవానిపాలెం దాటారు. నిండు బరువుతో బండి యాభై అయిదు మీద వరిచేల మధ్య సాగిపోతోంది. ఉత్సాహం పట్టలేక వీరాంజనేయులు పాట ఎత్తుకున్నాడు.

"నీకు పుణ్యముంటది, ఆ పాట ఆపు. బండిని విననీ," అంది జ్యోతిలక్ష్మి.

అతను ఆపాడు. ఆమె చెవి తలుపుకి ఆనించి చాలాసేపు వింది.

"ఏం వినపడతంది?" అన్నాడు, భయంభయంగా.

వెనకనుంచి, గాలికి కొట్టుకుంటూ, వెంకటసుబ్బులు గొంతు వస్తోంది. దారిన పోయే ఇంకో చేపల లారీ డ్రైవరుకి పేరు పెట్టి మరీ చెబుతోంది, ఇది మా బండి, పక్కకి తప్పుకోమని.

"మన సుబ్బులక్క," అంది జ్యోతిలక్ష్మి నవ్వుతూ. "ఇంకేం లేదు. తొక్కు."