బావ చేతిలో యాక్సిలరేటర్

తప్పు నాదే. ఇంకెవరి నెత్తినా రుద్దను.

స్తంభాలకి గుంతలు తీసే పని మాది, నాదీ బావదీ. అక్క మొగుడాయన, నాకు పని నేర్పిందీ ఆయనే. మా పెట్రోల్ మిషన్ ఇద్దరు పట్టుకునేది. పైన ఇంజను, కింద నేలని తొలిచే నడుం ఎత్తు ఇనప బర్మా, చెరో వైపు పిడులు. యాక్సిలరేటర్ మాత్రం బావ వైపే. బర్మా వేరుకో రాయికో పట్టేస్తే నేలలో తిరగడం మానేసి పైన మనల్ని తిప్పుతుంది. అందుకే రెండోవాడు గుంతలోకి చూస్తూ "వదులు" అని అరవాలి. యాక్సిలరేటర్ పట్టుకున్నవాడు ఆ క్షణమే వేలు తీసెయ్యాలి.

పన్నెండేళ్ళు ఆ ఇంజను పక్కన నిలబడి బావ చెవులు పోగొట్టుకున్నాడు. దూది పెట్టుకో బావా అంటే "నేనేమన్నా బాలింతనా" అని నవ్వేవాడు. రెండేళ్ళుగా నా అరుపు వినపడ్డం లేదు. నా నోటికేసి చూస్తూ పని లాక్కొస్తున్నాడు. అక్కకి తెలియదు, పిలిస్తే పలక్కపోతే పొగరనుకుంటుంది. తెలిస్తే పని మాన్పిస్తుందని ఆయన భయం. పనిలేని బావని నేను వానాకాలంలో చూశాను. ఇల్లంతా తిరిగి, శుభ్రంగా పడుతున్న గడియలు విప్పి మళ్ళీ బిగిస్తుంటాడు.

ఆయన ఇటు, నేను అటు నిలబడితే యాక్సిలరేటర్ నా చేతికి వచ్చేది. అంతే పని. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడని మింగేశాను. నా మొహమాటం తగలెయ్య.

ఆ పొద్దున ఒక బడికి కంచె పని. మూడో గుంత దగ్గర ఆయన ఆలస్యంగా వదిలాడు, నా భుజం కలుక్కుమంది. కోపమొస్తే నాకు ముందూ వెనకా కనపడదు. ఇంజను ఆపించి మొహం మీదే అన్నాను, "నీకు వినపడదని ఇవాళే అక్కతో చెప్పేస్తా."

ఆ మాట మాత్రం బాగా అందింది. తాడు లాగి మళ్ళీ స్టార్ట్ చేశాడు. నాలుగో గుంత మీద నిలబడ్డాక ఇక నావైపు చూడలేదు. అలిగాడు. యాభై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా తల పక్కకి తిప్పుకున్నాడు. నాకూ ఒళ్ళు మండుతోంది, ఆపుదాం అనలేదు.

వేరు పట్టేసింది. "వదులు" అన్నాను. "బావా, వదులు." గొంతు చీలిపోయేలా అరిచాను. పిడి నా చేతుల్లోంచి ఊడిపోయింది, మిషన్ మొత్తం ఆయన కుడిచేతి మీదికి తిరిగింది.

ఎముక అతుక్కుంటుంది, పట్టు మాత్రం రాదన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. ఇక మిషన్ కాదు కదా, మంచినీళ్ళ చెంబు పట్టుకోడం కూడా కష్టమేనట.

అక్క మంచం పక్కనించి లేచింది. "ఎదురుగానే ఉన్నావు కదరా. అరవలేదా నువ్వు?"

బావ నా నోటికేసే చూస్తున్నాడు. అరిచానంటే ఆయన చెవుల సంగతి బయటపడుతుంది. చెయ్యే పోయాక ఇంకా దాచి ఏం ఒరుగుతుందని కూడా అనిపించింది. అయినా చెప్పడానికి నోరు రాలేదు.

"లేదక్కా. ఏదో ఆలోచనలో ఉండిపోయా."

అక్క గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "ఇంక మా గడప తొక్కకు" అంది. తర్వాత ఆయన వైపు తిరిగి అడిగింది, "విన్నారా వీడి మాట?"

బావ విన్నానని తల ఊపాడు.