ఎడమ చేతి గుండీ

చొక్కా చేతులకి గుండీలెందుకు పెడతారో ఆవిడకి ఇప్పటికీ అర్థం కాదు. ముందువైపు పెట్టారంటే సరే, చొక్కా తెరుచుకుపోకుండా. మణికట్టు దగ్గర ఏం జారిపోతుందని? పైగా ఆ కాజా ఎప్పుడూ గుండీ కన్నా వెంట్రుకవాసి చిన్నదే. ఇస్త్రీ పడితే ఇంకా బిగుస్తుంది. రోజూ పొద్దున్నే, కాఫీ కప్పు సరిగ్గా పెదవుల దాకా వచ్చేసరికి, హాల్లోంచి ఓ చెయ్యి వచ్చి ఆవిడ మొహం ముందు ఆగుతుంది. పిలుపుండదు, మాటుండదు. టికెట్ కౌంటర్లో పెట్టినట్టు చెయ్యి పెట్టడం, అంతే.

ఆ చెయ్యి ఆవిడ భర్తది. ఆయన ఆడిటర్. నలుగురి లెక్కల్లో తప్పులు పట్టడం ఆయన వృత్తి; ఇంట్లో అదే పని సరదాగా చేస్తుంటాడు. ఈమధ్య ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. పార్కిన్సన్స్ అన్నారు. వణుకు మొదలవగానే ముందువైపు గుండీలు కూడా ఆవిడ ఖాతాలోకి వచ్చాయి. వెనకే బూట్ల తాళ్ళు, పళ్ళు ముక్కలు కోయడం, చారు గిన్నె పట్టుకోవడం వచ్చి చేరాయి. మణికట్టు గుండీలు మాత్రం కొత్తగా చేరినవి కావు. అవి పెళ్ళితోపాటే వచ్చాయి.

"మెడ దగ్గర అంత బిగించకమ్మాయ్, వాడికి ఊపిరాడాలి" అంటుంది కుర్చీలోంచి అత్తగారు. అమ్మాయి ఊపిరి సంగతి ఆ ఇంట్లో చర్చకి వచ్చిన సందర్భం లేదు.

ఆవిడకీ ఉద్యోగముంది, లైబ్రరీలో. ఇంట్లో దాన్ని "నీ పుస్తకాలు" అంటారు. పోయినేడు ఊరి చివర కొత్త శాఖ తెరుస్తూ, దాని బాధ్యత తీసుకోమని పైఅధికారి అడిగాడు. ఏడింటికల్లా ఇల్లు కదలాలి. కుదరదండీ అంది. ఎందుకని అడిగితే ఇంట్లో పరిస్థితి అంది. ఏ పరిస్థితి అని ఆయన అడగలేదు కాబట్టి సరిపోయింది. అడిగితే ఏం చెబుతుంది, గుండీలండీ అనా?

అలాంటి రోజుల్లో ఆవిడ భర్త ఒక కొత్త మందు పరిశోధనలో చేరాడు. ఆస్పత్రి మూడో అంతస్తులో ఓ గది, కిటికీ పక్కన బరువు తూచే యంత్రం, బల్ల వెనక డాక్టరమ్మ. ఇంట్లో పనులు ఎలా చేసుకుంటున్నారో చెప్పమంది.

"బట్టలు వేసుకోవడం కష్టంగా ఉందా సార్?"

"అబ్బే, ఏం లేదండీ."

"గుండీలు?"

"ఇబ్బందే లేదు."

"బూట్లు? తిండి?"

"అన్నీ మామూలే."

చెబుతున్నంతసేపూ కుడిచెయ్యి ఆయన మోకాలి మీద మద్దెల వాయిస్తూనే ఉంది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, "ఇబ్బందే లేకపోతే ఎందుకు వచ్చారు సార్?" అంది.

"మీటింగుల్లో బాగుండట్లేదండీ. కాగితం పట్టుకుంటే గలగలా చప్పుడు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అదే విచిత్రం. ఆయనకి నిజంగానే ఇబ్బంది లేదు.

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది. "గుండీలు ఎవరు పెడతారమ్మా?"

"నేనేనండీ."

"జబ్బు రాకముందు?"

"చేతులవి నేనే. అప్పుడు చేతులు వణికేవి కావు. ఒకదాంట్లో ఫోనుండేది."

ఆడిటర్ దగ్గాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి కాసేపు కిటికీ వైపు చూసి, మెల్లగా విడమరిచింది. పరిశోధనలో సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్ళిందో తనకీ తెలియదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఈయన విషయంలో ఇంట్లో ఇంకో మందుంది, పొద్దున్నించీ రాత్రిదాకా పనిచేస్తోంది.

"ఈ మందు పనిచేస్తోందో లేదో తెలియాలంటే, ముందు మీరు పనిచేయడం ఆపాలమ్మా" అంది. "గుండీలు, బూట్లు, తిండి. పడిపోయేలా ఉంటే తప్ప చెయ్యి వేయకండి. చూస్తూ ఊరుకోండి."

ఆవిడ చెవులు ఆవిడే నమ్మలేదు. అలాంటి మందుచీటీ తన పేర ఎవరూ ఇంతవరకూ రాయలేదు.

కారెక్కాక ఆయన అన్నాడు: "సైన్సు కోసం అంటోంది కాబట్టి సరే అన్నానోయ్. లేకపోతేనా!"

లేకపోతే ఏమయ్యేదో ఆవిడకి బాగా తెలుసు.

మొదటిరోజు ఘోరం. ఆయన గుండీతో కుస్తీ పట్టాడు, చొక్కాని తిట్టాడు, దర్జీని తిట్టాడు. కాజా ఒకటి తప్పి, కాలరు ఒక పక్కకి ఎగదన్నింది. ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది. చేతులు కట్టుకోవడమంటే ఊరికే పెట్టుకోవడమనుకునేది ఇన్నాళ్ళూ. నిజంగానే కట్టేయాలని ఆరోజు తెలిసింది. వేళ్ళు వాటంతటవే లేచి ఆ గుండీ వైపు పోతున్నాయి.

"ఇదేం పరిశోధనే తల్లీ!" అంది అత్తగారు. "మొగుడు అవస్థపడుతుంటే పెళ్ళాం కాఫీ తాగే పరిశోధన!" అంటూ కుర్చీలోంచి లేవబోయింది. "ఇలా రారా నాన్నా, నేను పెడతాను."

"పాడైపోతుందత్తయ్యా."

"ఏది, చొక్కానా?"

"పరిశోధన."

అత్తగారు కూర్చుండిపోయింది. కోడలి మాటకి ఆవిడ కూర్చోవడం అదే మొదలు. తరవాత కోడలు కాఫీ తాగింది. నాలిక చురుక్కుమంది. వేడి కాఫీ ఇంత వేడిగా ఉంటుందన్నమాట!

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. డాక్టరమ్మ చెప్పినవి మూడే. ఆవిడ వాటిని కాస్త విస్తరించింది. శాస్త్రం ముందుకెళ్ళేది అలాగే కదా.

"తువ్వాలేదోయ్?"

"చెప్పకూడదండీ. పరిశోధన."

"కళ్ళజోడు కూడానా?"

"అదీ చేత్తోనే తీసుకుంటారు కదండీ."

ఆడిటర్ కాబట్టి నియమం అంటే గౌరవం. గొణుక్కుంటూ వెతుక్కున్నాడు. దొరికింది. అంతకుముందు ఆవిడకి ఎక్కడ దొరికేదో అక్కడే ఉంది.

కొన్నాళ్ళకి, మణికట్టుని బల్ల అంచుకి ఆనిస్తే వణుకు తగ్గుతుందని ఆయనే కనిపెట్టాడు. ఓ పొద్దున ఎడమచెయ్యి చాచుకుని వచ్చాడు. అలవాటుగా ఆవిడ చెయ్యి ముందుకు పోయింది. కానీ గుండీ పెట్టే ఉంది. "నేనే పెట్టాను చూడు!" అన్నాడు. ఆ మొహం చూస్తే ముద్దొచ్చింది ఆవిడకి. వెంటనే ఒళ్ళు మండింది. తను పెట్టిన ఇన్నేళ్ళ గుండీల్లో ఒక్కదాన్ని కూడా ఎవరూ ఇలా చెయ్యి చాచి చూపించలేదు.

"అద్భుతమైన మందోయ్" అన్నాడాయన.

"అవునండీ" అంది.

ఆ వారమే పైఅధికారి మళ్ళీ కబురుపెట్టాడు. కొత్త శాఖ చూసుకునేవాళ్ళు మానేశారట. "ఇంట్లో అడిగి చెప్పండి మేడం" అన్నాడు. "అడిగేదేం లేదండీ. సోమవారం నుంచి వస్తాను" అంది. అన్న తరవాత తన గొంతేనా అని చుట్టూ చూసుకుంది.

ఇవాళ ఆదివారం. పొద్దున్నే డాక్టరమ్మ ఫోను చేసింది. "ఇంటి పరీక్ష అయిపోయిందమ్మా. మీరు చాలా సహకరించారు. ఆయన మింగింది అసలు మందో ఉత్త మాత్రో అందరిదీ పూర్తయితేగానీ తెలీదు. ఇక సాయం చేస్తారో మానతారో మీ ఇష్టం."

ఆవిడ బతిమాలింది. "మీరే వద్దని ఓ మాట చెప్పొచ్చు కదండీ?"

"వద్దనడానికి నా దగ్గర కారణం లేదమ్మా. ఆయన పెట్టుకోగలుగుతున్నారు. మీరు పెట్టినా తప్పులేదు, పెట్టకపోయినా తప్పులేదు. జబ్బు ముదిరితే అప్పటి సంగతి అప్పుడు చూద్దాం. ఇప్పటికి మీ ఇష్టమే."

ఫోను పెట్టేసింది మహాతల్లి. డాక్టరు వద్దంది అంటే ఆ ఇంట్లో అత్తగారు కూడా కూర్చుంటుంది. నాకిష్టం లేదు అన్న మాట మాత్రం ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ వినలేదు. అసలు దాన్ని కూర్చుని అంటారో నిలబడి అంటారో కూడా ఆవిడకి తెలియదు.

"ఎవరోయ్ ఫోన్లో?" లోపల్నించి ఆయన. "డాక్టరమ్మేనా? అయిపోయిందా పరిశోధన?"

అత్తగారు రేడియో గొంతు తగ్గించింది.

అయ్యా, అమ్మా, చదివేవాళ్ళు మీకు పుణ్యముంటుంది, ఒక్క సలహా చెప్పండి. ఇంకా పొడిగించారని చెప్పమంటారా? ఆయన ఆడిటర్, ఏ తేదీదాకా అని అడుగుతాడు. ఉన్నమాట చెప్పమంటారా? మీ ఇళ్ళల్లో ఎవరైనా నాకిష్టం లేదు అనుంటే ఎలా మొదలుపెట్టారో, అన్నాక మధ్యాహ్నం భోజనాలు ఎలా జరిగాయో కాస్త చెబుదురూ. త్వరగా చెప్పాలి. గది తలుపు తెరుచుకుంది. ఎడమ చెయ్యి చాచుకుని ఆయన ఇటే వస్తున్నాడు, గుండీ పెట్టుకోకుండా. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి చేతులు కట్టుకుంది. చేతుల సంగతి తేలిపోయింది. నోటికే, ఏం చెప్పాలో తోచట్లేదు.