ఒకసారి ఆ పిల్లకివ్వు

హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయితో నేను పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. అమ్మకు మాత్రం మేమిద్దరం ప్రాణస్నేహితులమని చెప్పాను. ఈ సాయంత్రం, చదువు మానేసి ఇంటికి వచ్చేస్తానని చెప్పేద్దామని ఫోన్ చేశాను.

"అమ్మా, నేను..." అనేలోపే, "ముందు ఆ పిల్లకివ్వవే, ఒకసారి మాట్లాడతా," అంది.

"మనం స్నేహితులమని చెప్పాను," అని ఆ అమ్మాయి చెవిలో గొణిగి, ఫోన్ అందించాను. ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది.

"మీ అమ్మాయా ఆంటీ? ఒట్టి వాగుడుకాయ! దీని గోలకి నా చదువు సాగట్లేదు."

అమ్మ పకపకా నవ్వడం నాకూ వినిపించింది.

ఆమె ఫోన్ తిరిగిచ్చేసి, గోడవైపు తిరిగి పుస్తకం తెరిచింది.

"హమ్మయ్య, బెంగ పెట్టుకున్నావేమోనని హడలిపోయానే. ఇందాక ఏదో చెప్పబోయావు?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా," అన్నాను. అంత తేలికపడ్డ గొంతుకు ఇంకేం చెప్పగలను?